మేఘం ఆగిన చోట

మన ఇల్లు,
మెట్ల కింద గది

తాతయ్యా,

ఆసుపత్రికి వెళ్ళిన దగ్గర్నుంచి నువ్వు ఒక్కసారి కూడా ఫోను చెయ్యలేదు. అడిగితే, అక్కడ ఫోను వరండా చివర ఉందనీ, పొట్టకి పరీక్షలు చేయించుకునేవాళ్ళు అటూ ఇటూ తిరగకూడదనీ అమ్మ అంది. ఉత్తరం రాసుకోమంది. అందుకని రాస్తున్నా.

అసలు సంగతేమిటంటే, నేను పేరు ఇచ్చేశాను. పాత గోడౌన్లో మన పేటవాళ్ళు నాటకాలు వేస్తారు చూడు, ఈసారి పిల్లలతో పాటల నాటకం వేస్తున్నారు. అదొక ఊరు, అక్కడ ఎప్పుడూ వానే. ఒక పిల్ల కొండెక్కి ముసలి మేఘాన్ని, ఒక్క పూట సెలవు పెట్టమని అడుగుతుంది. నాకు ఆ పిల్ల వేషం కావాలి. పేరు ఇచ్చేటప్పుడు బాగానే ఉన్నాను. బయటికొచ్చి రోడ్డు దాటేసరికి, వెనక్కెళ్ళి పేరు కొట్టేయించుకుందామా అనిపించింది.

ఎందుకంటే నాటకం వేయించేది ఎవరనుకున్నావు, మన పళ్ళ డాక్టరు. నా వెనక పన్ను పీకినాయన. పేరు రాసుకుంటూ, "ఆడిషన్ రోజు నోరు బాగా తెరవాలమ్మా" అన్నాడు. ఆయన ఆ మాట అంటే నా నోరు దానంతటదే మూసుకుపోతుంది. లైన్లో ఉన్న సగం మంది పళ్ళు ఆయనే పీకాడు. అందరం దవడలు పట్టుకుని నిలబడ్డాం.

ఇంకోటి. వాళ్ళకో పద్ధతి ఉంది. ఆడిషన్‌కి ఎవరూ ఒంటరిగా రాకూడదు. ఎదుటి పాత్ర మాటలు చెప్పడానికి ఇంటి నుంచి పెద్దవాళ్ళలో ఒకర్ని తెచ్చుకోవాలి. మనం ఇంట్లో ఎలా మాట్లాడతామో అలాగే స్టేజీ మీదా మాట్లాడాలట. నేను ఆలోచించకుండా "మా తాతయ్య" అని రాయించేశాను. "ఎవరూ, స్టేషన్లో రైళ్ళు వస్తున్నాయని మైకులో చెప్పేవారా?" అని పియానో ఆవిడ కుర్చీలోంచి లేచింది. నీ మొహం చాలామందికి తెలీదు కానీ గొంతు పేటంతటికీ తెలుసు.

మేఘం మాటలూ, మధ్యలో నేను పాడే పాటా రాసిన కాగితం ఇందులో పెట్టాను. నాటకం మొత్తంలో మేఘానికి ఉన్నది ఆ ఒక్క ఘట్టమే. ఆడిషన్ వచ్చే నెల చివరి ఆదివారం. ఈలోగా వచ్చేస్తావుగా?

నీ పిచ్చుక


ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం

పిచ్చుకా,

ప్రయాణికులకు విజ్ఞప్తి. తమరి ఉత్తరం నిర్ణీత సమయానికే చేరినది. ముసలి మేఘం పాత్రను తాతయ్య గారు అంగీకరించడమైనది.

పళ్ళ డాక్టరు సంగతి నాకు వదిలెయ్. ఒకసారి నొప్పి లేని పన్ను పీకి, నొప్పి ఉన్నదాన్ని నాకే ఉంచాడు. నన్ను చూస్తే ఆయనే కంగారు పడతాడు.

ఇక్కడ తిండి చప్పగా ఉంటుంది, దిండు గట్టిగా ఉంటుంది, అంతకుమించి విశేషాలు లేవు. పక్క మంచంలో నా ఈడు పెద్దాయన ఒకడున్నాడు. గొంతులో బఠాణీ గింజంత కాయ ఏదో లేచిందట. డాక్టర్లు పెదవి విప్పొద్దన్నారు. జన్మంతా మాటలు చెప్పుకుని బతికినవాడు, ఏం చేస్తాడు పాపం, పలక మీద రాసి నర్సమ్మతో దెబ్బలాడుతున్నాడు. వట్టి పిరికివాడు. తెల్లకోటు కనిపిస్తే దుప్పటి ముక్కు దాకా లాక్కుంటాడు.

నీకు నా వృత్తి రహస్యం ఒకటి చెప్తాను. మైకు ముందు కూర్చున్న కొత్తలో నేను గడగడా చెప్పేసేవాణ్ణి. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. స్టేషన్ పైకప్పు రేకులది కదా, నువ్వన్నది అది మళ్ళీ అంటుంది. దాన్ని అననిచ్చి, అది ఊరుకున్నాక రెండో ముక్క ఎత్తుకోవాలి. భయంతో కూడా అలాగే చెయ్యి. అది అనాల్సింది అననివ్వు. తర్వాత నువ్వు మొదలుపెట్టు.

నీ తాతయ్య


మన ఇల్లు,
మెట్ల కింద గది

తాతయ్యా,

అననిచ్చాను. అది ఊరుకోవడం లేదు.

బాత్రూంలో పాడితే పాట చక్కగా వస్తోంది. తలుపు తీస్తే పోతోంది. నిన్న తరగతిలో అందరి ముందూ పాడి చూపిస్తానని లేచాను. నోరు తెరిచాను కూడా. గాలి వచ్చింది, గొంతు రాలేదు. ఎవరూ నవ్వలేదు. అందరూ జాలిగా చూశారు. నవ్వినా బాగుండేది. ఇంటికొచ్చి అద్దం ముందు నోరు తెరిచి లోపల ఏమైనా అడ్డం ఉందేమోనని టార్చి వేసుకుని చూశాను.

ఆదివారం దగ్గరకొస్తోంది. అన్నం సహించడం లేదు. కానీ నువ్వు ఎదురుగా ఉండి "ఎవరమ్మా అది?" అని మేఘంలా గద్దిస్తే నేను జవాబు చెప్పగలను. ఇంట్లో నీకు రోజూ చెప్తూనే ఉంటాగా. నువ్వుంటే ఫరవాలేదు.

పక్క మంచం తాతగారికి నేను చెప్పానని చెప్పు. పన్ను పీకేటప్పుడు నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను, చాలా తేడా ఉంటుంది. ఆయన పట్టుకోవడానికి ఎవరైనా వస్తున్నారా? గొంతుకి ఆపరేషన్ చేస్తే మాట పోతుందా? ఊరికే అడుగుతున్నా.

ఇంకో సంగతి. ఆదివారాలు షాపులో పని ఎక్కువగా ఉందని అమ్మ పొద్దున్నే వెళ్ళిపోతోంది. వచ్చేటప్పుడు చీర దగ్గర మందుల వాసన వస్తోంది. బట్టల షాపులో మందుల వాసన ఎందుకొస్తుంది తాతయ్యా?

నీ పిచ్చుక


ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం

పిచ్చుకా,

కొత్త బట్టలకి రకరకాల వాసనలు ఉంటాయి.

ఇక్కడ పరీక్షలు అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టేలా ఉన్నాయి. ఒకవేళ ఆ ఆదివారానికి నేను అందుకోలేకపోతే, మేఘం మాటలు అమ్మ చెప్తే ఎలా ఉంటుందంటావు? మీ అమ్మ చిన్నప్పుడు స్కూలు నాటకంలో చెట్టు వేషం వేసింది. గాలి రాకపోయినా ఊగింది. అందరూ మెచ్చుకున్నారు.

పక్క మంచం ఆయనకి నీ మాట చెప్పాను. ఆయన కూతురు ఆదివారాలు వచ్చి చెయ్యి పట్టుకుంటోందట. ఆపరేషన్ సంగతి ఆయన్ని అడగలేదు. అడిగితే బావుండదు.

అన్నం తిను. ఖాళీ కడుపుతో పాట నిలవదు.

తాతయ్య


మన ఇల్లు,
మెట్ల కింద గది

తాతయ్యా,

అమ్మ రాత్రి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది. నేను తలుపు బయటే నిలబడ్డాను. పొట్ట పరీక్షలకి ఎవరూ కుళాయి తిప్పి ఏడవరు.

నేను ఆడిషన్‌కి వెళ్ళను. అమ్మతోనూ వెళ్ళను. నువ్వు లేకుండా నేను వెళ్ళి పాడేస్తే, సరే, ఈ పిల్లకి తాతయ్య లేకపోయినా జరిగిపోతుంది అని పైన ఎవరైనా రాసేసుకుంటారేమో. నాకు అదే భయం. పళ్ళ డాక్టరంటే ఇప్పుడు అస్సలు భయం లేదు. ఆయన పళ్ళే కదా పీకుతాడు.

పక్క మంచం తాతగారిని ఒకటి అడుగు. ఆయనకి మనవరాలు ఉందా? ఉంటే ఆ పిల్లకి నిజం చెప్పమను. చెప్పకపోతే ఆ పిల్ల రాత్రిళ్ళు ఇంకా పెద్ద పెద్దవి ఊహించుకుంటుందని చెప్పు.

పిచ్చుక


ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం

పిచ్చుకా,

అడిగాను. ఉందన్నాడు. చెప్పేస్తానన్నాడు.

పక్క మంచం ఖాళీ అమ్మా. మొదటినుంచీ ఖాళీయే. కాయ నా గొంతులోనే ఉంది. అది మంచిది కాదని తేలింది. ఆపరేషన్ చేసి తీసేస్తారు. దాంతోపాటు నా మాట కూడా పోతుంది. తియ్యకపోతే నేనే పోతాను. ఇందులో ఆలోచించడానికేం లేదు, అయినా ఆలోచిస్తూనే ఉన్నాను. పోయేది గొంతే, నువ్వు కాదు అని డాక్టరు అంటున్నాడు. నేనింకా పూర్తిగా నమ్మలేదు. నువ్వు మాత్రం నమ్ము.

అబద్ధం చెప్పినందుకు కోప్పడు, ఫరవాలేదు. నా భయాన్ని పక్క మంచం మీద పడుకోబెడితే కాస్త నిద్రపట్టేది.

ఇప్పుడు పనిమాట. నువ్వు పాడే ఆదివారం నాటికి నా ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. కాబట్టి మేఘాన్ని ముందే పంపిస్తున్నాను. "గొంతు ఎలాగూ తీసేస్తున్నారు కదా, ఒక్కసారి వాడుకోనివ్వండి" అని పలక మీద రాసి చూపిస్తే డాక్టరు అటు తిరిగి సరే అన్నాడు. నర్సమ్మ వాళ్ళింటి నుంచి టేపురికార్డరు తెచ్చింది. మేఘం మాటలన్నీ క్యాసెట్లో ఉన్నాయి. నీ మాటలొచ్చే చోట ఖాళీ వదిలాను. మధ్యలో ఒక దగ్గు ఉంది, దాన్ని ఉరుము అనుకోమని వాళ్ళకి చెప్పు.

ఒకటి గుర్తుపెట్టుకో. బటన్ నొక్కాక, ఏం జరిగినా ఆపకు.

నువ్వు వెళ్తే పైన ఎవరూ ఏమీ రాసుకోరు. ఇంటి నుంచి పెద్దవాళ్ళలో ఒకర్ని తెచ్చుకోవాలన్నారు కదా. నన్ను సంచీలో పెట్టుకుని తీసుకెళ్ళు.

నీ తాతయ్య


మన ఇల్లు,
మెట్ల కింద గది

తాతయ్యా,

వెళ్ళాను.

గోడౌన్లో అట్టపెట్టెల వాసన. నా ముందు పాడిన కుర్రాడి వాళ్ళ నాన్న, వాడు మర్చిపోయిన మాటలన్నీ తనే చెప్పేసి చివర్లో పాట కూడా తనే పాడేశాడు. తర్వాత నన్ను పిలిచారు. "మీ పెద్దవాళ్ళేరమ్మా?" అన్నాడు పళ్ళ డాక్టరు. నేను సంచీలోంచి టేపురికార్డరు తీసి ముందు వరుస కుర్చీలో పెట్టాను. ఎవరో నవ్వారు. అమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

బటన్ నొక్కి స్టేజీ ఎక్కాను. "ఎవరమ్మా అది, గొడుగు లేకుండా కొండెక్కింది?" అన్నావు. గోడౌన్ మొత్తం సర్దుకుని కూర్చుంది. పియానో ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

నా వంతు వచ్చింది. నోరు తెరిచాను. తరగతిలో లాగే గాలి వచ్చింది. మింగాను. అందరూ నన్నే చూస్తున్నారు, టేపులోంచి సుయ్ మని చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను మొదలుపెట్టే లోపల నువ్వు రెండో మాట అనేస్తావేమో, అంటే ఇక నేను అందుకోలేనని వణికిపోయాను. నువ్వు అనలేదు. నువ్వూ ఆగే ఉన్నావు. ఎంతసేపటికీ ఏమీ రాకపోయేసరికి పళ్ళ డాక్టరు టేపు అయిపోయిందనుకుని బటన్ మీదకి చెయ్యి పెట్టాడు.

"ఆపకండి. మా తాతయ్య ఆగాడంటే ఇంకా ఉందని అర్థం" అన్నాను. గట్టిగానే వచ్చింది. వచ్చింది కదాని ఆ ఊపులోనే "నేనే మేఘం మామయ్యా" అని ఎత్తుకున్నాను. మొదటి చరణంలో ఒక ముక్క పోయింది. మళ్ళీ మొదటినుంచి పాడాను. పాట అయ్యేసరికి నువ్వు సరిగ్గా అప్పుడే "ఊఁ, సెలవా?" అన్నావు. కాస్త ముందు కాదు, వెనక కాదు. నేను వణికింది, మింగింది, తప్పింది, అన్నీ పట్టేంత ఖాళీ వదిలావు. నీకెలా తెలిసింది తాతయ్యా?

దగ్గు వచ్చినప్పుడు ఉరుము అని చెప్పాను. అందరూ తలూపారు.

నీ ఆపరేషన్ బాగా జరిగిందని అమ్మ అంటోంది. అమ్మ మాట నమ్మడం మానేశాను. నువ్వు రాయి. ఒక్క ముక్క చాలు.

పిచ్చుక


ఆసుపత్రి

పిచ్చుకా,

ఉన్నాను.

పడుకునే రాస్తున్నాను, ఎక్కువ రాయలేను. ఖాళీ సంగతి అడిగావు. నీ పాట మనసులో పాడుకుంటూ ఆగాను. నేను పాడినట్టు కాదు, నువ్వు పాడినట్టు. భయపడి, మింగి, ఒక ముక్క పోగొట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టి.

తాతయ్య


మన ఇల్లు,
మెట్ల కింద గది

తాతయ్యా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. "ఉన్నాను" అన్న చోట మడత పడి చిరుగుతోంది. ఇంకోటి రాసి పంపు.

గోడౌన్ తలుపు మీద పేర్లు అంటించారు. కొండెక్కే పిల్ల వేషం రొట్టెల కొట్టువాళ్ళ అమ్మాయికి ఇచ్చారు. అది నోరు తెరిస్తే లోపల కొండనాలుక కూడా కనిపిస్తుంది, పళ్ళ డాక్టరు మురిసిపోయాడు. నాకు వెనక గుంపుగా పాడే గొడుగుల్లో మూడో గొడుగు వేషం. ఏడుపొచ్చింది. కాసేపే.

సాయంత్రం పళ్ళ డాక్టరు మనింటికొచ్చాడు. నేను మంచం కింద దూరాను. ఆయన వచ్చింది పన్ను కోసం కాదట, నీ కోసం. "మేఘం ఎలాగూ తెర వెనకే ఉంటుంది. పేటంతా వెతికినా ఇంతకంటే మంచి మేఘం దొరకదు. ఆ క్యాసెట్ నాటకంలో వాడుకోవచ్చా?" అని అమ్మని అడిగాడు. చూశావా, ఆడిషన్ ఇచ్చింది నేను, వేషం వచ్చింది నీకు.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. రొట్టెల కొట్టు అమ్మాయి భయపడదు. గబగబా పాడేసి నిలబడుతుంది. నువ్వేమో ఇంకా ఆగే ఉంటావు. అందరూ దిక్కులు చూడటమే. పళ్ళ డాక్టరు ఆ ఖాళీ కత్తిరించి టేపు అతికిద్దామన్నాడు. అది నా ఖాళీ. నేను క్యాసెట్ గుండెలకి హత్తుకుని కూర్చుండిపోయాను, ఇవ్వలేదు. ఆఖరికి పియానో ఆవిడ, ఆ చోట గొడుగులన్నీ కలిసి పల్లవి ఇంకోసారి అందుకుంటే సరిపోతుందంది. సరిపోయింది. ఇప్పుడు నువ్వు ఆగిన చోట మేం పాడతాం.

నిన్ను వచ్చే వారం ఇంటికి పంపిస్తారట కదా. నాటకం ఆ శనివారమే. ముందు వరుసలో నీకు కుర్చీ ఉంచమన్నాను.

నీ పిచ్చుక


ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం

పిచ్చుకా,

ఇంటికి వస్తాను. నాటకానికి మాత్రం రాలేను. కోపం తెచ్చుకోకుండా చదువు.

ఇప్పటికీ పొద్దున నర్సమ్మ రాగానే పలకరిద్దామని నోరు తెరుస్తాను. ఏమీ రాదు. గాలి కూడా నోట్లోంచి రాదు, మెడ దగ్గర చేసిన దారిలోంచి పోతుంది. రోజూ మర్చిపోతాను, రోజూ హడలిపోతాను. మెడకి గుడ్డ కట్టుకుని ఆ కుర్చీలో కూర్చుంటే, తెర వెనక నుంచి నా గొంతు నిక్షేపంగా మాట్లాడుతుంటే, నేను తట్టుకోలేను. పక్కనున్నవాళ్ళు ఎంత బాగా చెప్పారండీ అంటే నేనేం చెప్పాలి? ఆ గొంతు నన్ను వదిలేసి ఊరేగుతున్నట్టుంటుంది.

ఈసారి పక్క మంచం మీదకి తోసెయ్యడం లేదు. భయపడుతున్నది నేనే.

తాతయ్య


మన ఇల్లు,
మెట్ల కింద గది

తాతయ్యా,

కోపం రాలేదు. నీ ఉత్తరం చదివి కాసేపు ఊరుకున్నాను. భయాన్ని అనాల్సింది అననివ్వమన్నావు కదా.

ముందు వరుస కుర్చీ వద్దని చెప్పేశాను. నువ్వు జనం మధ్య కూర్చోనక్కర్లేదు. తెర వెనక టేపురికార్డరు దగ్గర ఒక ముక్కాలి పీట ఉంది. బటన్ నొక్కడానికి అక్కడ ఒక మనిషి కావాలి. ఎవర్ని పెడదామని పళ్ళ డాక్టరు అడిగితే, నేను ఆలోచించకుండా "మా తాతయ్య" అని రాయించేశాను. అక్కడ చీకటి. నిన్నెవరూ చూడరు, ఎవరూ పలకరించరు. నువ్వు నొక్కితేనే ఆ గొంతు మాట్లాడుతుంది. అది ఊరేగడానికి వీల్లేదు, నీ వేలి కిందే ఉంటుంది.

నాకూ భయంగానే ఉంది. రొట్టెల కొట్టు అమ్మాయికి తప్ప అందరికీ భయంగానే ఉంది. నువ్వు ఉండే చోటికి సరిగ్గా ఇవతల, తెరని ఆనుకుని నిలబడేది మూడో గొడుగే. చెయ్యి చాపితే అందుతాను. పట్టుకో. చాలా తేడా ఉంటుంది.

ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆసుపత్రి నుండి వచ్చు తాతయ్య గారు శనివారం సాయంత్రం తెర వెనక పీట మీదకు రాబోతున్నారు. వారు ఆలస్యముగా రావచ్చును గానీ రద్దు కాలేదు.

బటన్ నొక్కాక ఆపకు. "ఎవరమ్మా అది?" అని అడిగి, నువ్వు ఆగుతావు. ఆ తర్వాత వినిపించే గొంతుల్లో అన్నిటికంటే గట్టిది నాది.

నీ పిచ్చుక